వేలాడే ఉమ్మెత్త, మా అప్ప కన్ను

మా ఇంట్లో “కన్ను జాగ్రత్త” అంటే ఎవరి కన్ను అని ఎవరూ అడగరు. మా అప్ప కుడి కన్ను.

అప్ప అంటే మా వైపు అక్క. నాకంటే చాలా పెద్దది. పసితనంలోనే అమ్మవారు పోసి ఆమె ఎడమ కన్ను పోయింది. నేను పుట్టేసరికే ఆ కంటి మీద తెల్లటి పొర ఉండేది. మిగిలింది కుడి కన్ను ఒక్కటే. దాన్ని కాపాడటం మా ఇంటి మొదటి పని, కిరాణా కొట్టు ఆ తర్వాత. అక్షరాలు దిద్దించడానికి ముందే మా అమ్మ నాకు నేర్పింది, చేతిలో పుల్ల ఉంటే అప్ప దగ్గరికి వెళ్ళకూడదని. దీపావళికి మేం మతాబులు వీధి చివర కాల్చుకునేవాళ్ళం, అప్ప లోపలి గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. కొట్టుకు తెచ్చిన మిరపకాయల బస్తా ఇంట్లో విప్పిన రోజు ఆమె మేడ మీదే ఉండాలి. నూర్పుల కాలంలో ఊరంతా దుమ్ము లేస్తుంది కనుక గుమ్మం దాటనిచ్చేవారు కాదు. ఎక్కువ చదివితే ఉన్న చూపు అరిగిపోతుందని మా నాన్న నమ్మకం, అందుకని బడి కూడా చిన్న తరగతుల్లోనే మాన్పించారు. ఒకటి రెండు సార్లు పెళ్ళి మాట వచ్చింది. అత్తవారింట్లో పొయ్యి ఊదాలి కదా, పొగ కంట్లో పడదా అని మా వాళ్ళే వెనక్కి తగ్గారు.

అమ్మానాన్నల తర్వాత ఆ కన్ను నా వంతుకు వచ్చింది. సరైన మనిషికే వచ్చిందనాలి. నేను తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి మళ్ళీ లాగే రకం. గ్యాసు కట్టేశామా లేదా అని కొట్లోంచి ఇంటికి ఫోన్ చేస్తాను. చీపురుపల్లి బజారులో నా సంగతి అందరికీ తెలుసు, వెనకాల నవ్వుకుంటారని నాకూ తెలుసు. భయపడటానికి ఏమీ లేకపోతే దానికి కూడా భయపడతానని మా ఆవిడ అంటుంది. అందులో అబద్ధం లేదు.

ఇలాంటి మనిషిని, విషం మొక్కను ఎందుకు తెచ్చానో చెప్పాలి. తెచ్చేటప్పుడు విషమని తెలియదు.

ఆమదాలవలసలో బంధువుల ఇంట గృహప్రవేశానికి వెళ్ళి, తిరుగు రైలు కోసం స్టేషన్ బయట నిలబడ్డాను. మూడు చక్రాల బండి మీద మొక్కలు పెట్టుకుని అమ్ముతున్నాడు ఒకతను. గులాబీలు, మందారాలు, క్రోటన్ల మధ్యలో నల్ల కవరులో ఒక వంకర పుల్ల, దానికి రెండు పెద్ద మెత్తటి ఆకులు. ఏమిటని అడిగితే ఫోన్ తీసి ఫొటో చూపించాడు. కొమ్మ నిండా తెల్లటి పూలు, ఒక్కొక్కటీ జానెడుకు తక్కువ ఉండదు, అన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి. ఏదో ఇంగ్లీషు పేరు చెప్పాడు, అది ఇంటికి చేరేలోగానే మర్చిపోయాను. చల్లటి చోట పెట్టమని, నీళ్ళు బాగా పొయ్యమని మాత్రం గుర్తుంది. రైల్లో ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరి మోచేయి తగిలినా నా ప్రాణం విలవిల్లాడింది.

దాన్ని పెంచడం మాత్రం మామూలు యాతన కాదు. మా పెరడు ఉదయం పది దాటితే పెనంలా కాలుతుంది. మొదట గోడ పక్కన నాటితే మధ్యాహ్నానికి ఆకులన్నీ తడిగుడ్డల్లా వేలాడేవి. చచ్చిపోయిందనుకుని నీళ్ళు పోస్తే సాయంత్రానికి లేచి నిలబడేది. రోజూ ఇదే వరస. కొట్లో పప్పు తూస్తున్నా మనసు దాని మీదే ఉండేది. చివరికి నూతి గట్టు పక్కన, జామచెట్టు నీడలోకి మార్చాను. బియ్యం కడిగిన నీళ్ళు, పశువుల గెత్తం ఎరువు, కొట్లోంచి వేపపిండి, అన్నీ దానికే. ఆకుల అడుగున కంటికి కనబడీ కనబడనంత ఎర్ర పురుగు పట్టి ఆకులు బూడిద రంగుకు తిరిగితే, ఒక్కో ఆకునూ తిరగేసి తడిగుడ్డతో తుడిచాను. పిల్లలకి కూడా ఇంత సేవ చెయ్యలేదని మా ఆవిడ దెప్పింది. ఒక తుపానుకు మొక్క సగానికి విరిగిపోయింది. ఆ రోజు నేను అన్నం సరిగా తినలేదు. కానీ మొదలు దగ్గర మళ్ళీ చిగురు వేసింది, ఈసారి గుబురుగా.

వానలు వెనక్కి తగ్గుతున్న రోజుల్లో మొదటిసారి పూసింది. పొద్దుటికి లేత పచ్చగా ముడుచుకుని ఉన్న మొగ్గ, సాయంత్రానికి తెల్లగా విప్పుకుని కిందకు వేలాడింది. దీపాలు పెట్టే వేళకి వాసన వంటింటి దాకా వచ్చింది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, అది ఉమ్మెత్తే కదా, ఇంట్లో పెంచుతారా ఎక్కడైనా, పిచ్చెక్కుతుంది అంది. ఉమ్మెత్త పువ్వు ఆకాశం చూస్తుంది, ఇది నేల చూస్తుంది, రెండూ ఒకటి కాదని వాదించాను. వాదించి, లోపలికి వచ్చి, ఫోన్లో వెతికాను. ఉమ్మెత్త కుటుంబమేనట. ఆకు, పువ్వు, గింజ, వేరు, అంతా విషమేనట.

పీకేద్దామని అప్పుడే అనుకున్నాను. పీకనివ్వనిది అప్ప.

ఆమెకు మొక్కలంటే పెద్దగా పట్టేది కాదు. మల్లెలైనా కనకాంబరాలైనా చేత్తో తడిమి మాల కట్టేది తప్ప, తల వంచి చూసేది కాదు. ఈ పువ్వు అలా కాదు. వంటింటి గుమ్మంలో నిలబడితే చాలు, నూతి గట్టు దాకా స్పష్టంగా కనిపించేది. మొదటి రోజు చాలాసేపు చూసి నాతో అంది:

“ఒరే, ఇది నాకోసవే పూసినట్టున్నాదిరా. ఎతుక్కోనక్కర్లేదు.”

ఆ తర్వాత రోజూ సాయంత్రం పీట వేసుకుని దాని ఎదురుగా కూర్చునేది. ఎన్ని విచ్చుకున్నాయో, ఏది వాడిందో నాకు చెప్పేది. కొట్టు కట్టి ఇంటికి రాగానే ముందు ఆ కబుర్లే. ఆమె అంత మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. దాన్ని పీకేస్తానని ఏ నోటితో చెప్పను?

అందుకని నాకు చేతనైన పని చేశాను, ఇంటిల్లిపాదినీ భయపెట్టాను. ఎవరూ ఆకు తుంచకూడదు, పువ్వు దేవుడికి పెట్టకూడదు, రాలినవి నోట్లో పెట్టుకునే పసివాళ్ళు ఎవరైనా ఇంటికి వస్తే పెరటి తలుపు వెయ్యాలి. చుట్టూ వల కట్టాను, మేకలు దూరకుండా. నా ఆలోచనంతా నోటి గురించే. తింటే ఏమవుతుంది, నాకితే ఏమవుతుంది, అదే లెక్క. కంటి గురించి, అందులోనూ ఆ కంటి గురించి, తలలో మెరవనైనా లేదు.

కిందటి దసరాల ముందు, పక్కింటివాళ్ళు వెల్ల వెయ్యడానికి పాత సున్నం గీకించారు. ఆ దుమ్ము మా పెరట్లోకి వచ్చింది. నేను కిటికీలన్నీ మూయించాను. అయినా అప్ప కన్ను ఎర్రబడి దురద పెట్టింది. కంటికి మా ఇంట్లో తాతలనాటి వైద్యం ఒకటి ఉంది. నందివర్ధనం పువ్వులు చల్లటి నీళ్ళలో వేసి, తీసి, మూసిన రెప్పల మీద పెట్టుకుని కాసేపు పడుకోవాలి. మంట లాగేస్తుంది. అందుకోసమే మా ఇంట్లో తరతరాలుగా గేటు దగ్గర నందివర్ధనం ఉంటుంది. కాకపోతే వీధిలో మురుగుకాలువ తవ్వినవాళ్ళు అంతకుముందే దాన్ని మొదలంటా కొట్టేశారు.

ఆ మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చుని అప్ప కంచంలోకి వంగింది. ఇంకా వంగింది. అన్నం మసగ్గా ఉంది, మెతుకులు కలిసిపోతున్నాయి అంది. వీధి గుమ్మం వైపు చూస్తే వెలుతురు పొడుస్తోందట. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. కంట్లో నల్లగుడ్డు విప్పారిపోయి ఉంది. చుట్టూ ఉండాల్సిన గోధుమరంగు సన్నటి అంచులా మిగిలింది. ఫోన్ లైటు వేసి చూశాను. ఎవరి కన్నయినా వెలుగు పడితే చిన్నదవుతుంది, అది కదల్లేదు. తినే కంచం అలాగే వదిలేసి, ఆమెకు చెప్పులు తొడిగి, కొట్టు తాళాలు ఎవరికి ఇచ్చానో కూడా తెలియకుండా స్టేషన్‌కి తీసుకెళ్ళాను.

విజయనగరం దాకా రైల్లో అప్ప కంటి మీద తుండు కప్పుకుని కూర్చుంది. నా చొక్కా చెయ్యి పట్టుకుని ఉంది. నొప్పి ఉందా అంటే లేదంది. తల తిరుగుతోందా అంటే లేదంది. నేను మాత్రం లోపల ఒక్కటే అనుకుంటున్నాను. అమ్మ ఇన్నేళ్ళు కాపాడి ఇచ్చింది, నా చేతుల్లో పోతోంది. రైలు ఎక్కడో సిగ్నల్ దగ్గర ఆగితే డ్రైవరు మీద, రైల్వే మీద, ఎదురుగా బఠాణీలు నములుతున్న పెద్దమనిషి మీద అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్కడి కంటి డాక్టరు వయసులో చిన్నావిడ. ఓపికగా చూసింది. కంటిలోపలి ఒత్తిడి కొలిచి, నీటికాసులు, అంటే గ్లాకోమా, కాదు అంది. అంతవరకు ప్రాణం లేచి వచ్చింది. ఆపైన, మేం చూపు పరీక్షకి చుక్కలు వేస్తే గుడ్డు ఇలా పెద్దదవుతుంది, ఏవైనా చుక్కలు వేశారా అని అడిగింది. అప్ప లేదంది. కంట్లో ఏదైనా పడిందా? లేదు. పసరు మందులు? లేదు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, అలా అయితే మెదడులో నరానికి ఏదైనా వచ్చిందేమో చూడాలి, ఈ సాయంత్రమే విశాఖపట్నం తీసుకెళ్ళి స్కానింగ్ చేయించండి అంది. ఆ మాట తర్వాత ఆమె చెప్పినదేదీ నా చెవికి ఎక్కలేదు.

వరండాలో బెంచీ మీద చుక్కలు వేయించుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని వరసగా కూర్చున్నారు. వాళ్ళ పక్కన అప్ప. నేను కారు కోసం ఫోన్లు చేస్తుంటే మా ఆవిడ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

“ఒదిన మంచం మీద తుండుగుడ్డలో మన పెరటి పువ్వు సుట్టి ఉన్నాదండీ. నలిగిపోనాది. కంటి మీద ఎట్టుకున్నాదేటో అడగండి.”

వెళ్ళి అప్ప ముందు నిలబడ్డాను. పువ్వు పెట్టుకున్నావా అని అడిగాను. ఆమె పైట చెంగు మెలిపెట్టింది.

“ఎట్టుకున్నాన్రా. తెల్లగా, సల్లగా ఉన్నాది కదా, నందివర్ధనం లాగే పన్జేస్తాదనుకున్నాను. సెప్తే నువ్వు సెట్టు కొట్టీసేవోడివి.”

మెదడుకు స్కానింగ్ అని ఆమె పక్కనే ఫోన్లో చెబుతున్నాను, అయినా చెప్పలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. డాక్టరు గదిలోకి తిరిగి పరిగెత్తాను. సంగతి విని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. అదే కారణం, ఉమ్మెత్త జాతి రసం కంట్లోకి వెళ్తే గుడ్డు ఇలాగే విప్పారుతుంది, కొద్ది రోజుల్లో దానంతట అదే సర్దుకుంటుంది, విశాఖ వెళ్ళక్కర్లేదు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకోమంది. నొప్పి గానీ వాంతి గానీ వస్తే ఏ వేళైనా తీసుకురమ్మంది. ఈసారి అదృష్టం బాగుంది, మరోసారి ఇలా అయి లోపల ఒత్తిడి పెరిగితే ఉన్న చూపు పోవచ్చు, అని కూడా చెప్పింది. ఆ చివరి మాట నేను ఇంటిదాకా మోసుకొచ్చాను.

వస్తూనే పెరట్లోకి వెళ్ళి కత్తి తీశాను. కొబ్బరికాయలు కొట్టే కత్తి, ఆ మెత్తటి కాండానికి రెండు దెబ్బలు చాలు. అప్ప గోడ తడుముకుంటూ వెనకే వచ్చింది. నల్లద్దాల్లో ఆమె ముఖం నాకు కొత్తగా కనిపించింది.

“ఇయ్యాల కొట్టకు. సూపొచ్చీదాకా ఆగు. నేను సూస్తన్నప్పుడు కొట్టు.”

ఆమె అడిగింది కొద్దిపాటి గడువే. సరేనన్నాను.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలియదు. సర్దుకుంటుందని డాక్టరు చెప్పింది, నిజమే, కానీ సర్దుకోకపోతే? పొద్దున్న లేస్తూనే ఆమె ముఖం మీద లైటు వేసి గుడ్డు చూసేవాణ్ణి. కొట్లోంచి గంటకోసారి వచ్చి, వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమనేవాణ్ణి. ఆమె ఒకసారి చెప్పేది, ఒకసారి నా చెయ్యి పక్కకు తోసేసేది. దూరం కనబడుతోంది, దగ్గరే మసక అనేది. సాయంత్రాలు అద్దాలు పెట్టుకుని మళ్ళీ అక్కడే, పీట మీదే కూర్చునేది. ఆ చెట్టుకేమో అదే అదును దొరికినట్టు ఎప్పుడూ లేనంతగా పూసింది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

దసరా వెళ్ళిన మర్నాడు పొద్దున్నే అప్ప వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. లైటు వేసి చూశాను. గుడ్డు ముడుచుకుంది. కుడి కన్ను ఎప్పటి కన్నులా ఉంది. నేను చేటలోంచి ఒక గింజ తీసి చూపించి ఇదేమిటని అడిగితే, వడ్లగింజ అని విసుక్కుంది. నాకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ వెంటనే పెరట్లోకి వెళ్ళి కత్తి తీశాను. మాట ప్రకారం ఆమెను పిలిచాను.

అప్ప వచ్చి చెట్టుకీ నాకూ మధ్య నిలబడింది. అద్దాలు లేవు. కోపంగా ఉంటుందనుకున్నాను, లేదు. తాపీగా మాట్లాడింది.

“కన్ను నాదిరా. మీరంతా దాసిపెట్టినారు, బాగానే ఉన్నాది. కాదన్ను. దాన్తో నాకేటి సూడాలనుందో ఒక్కలైనా అడిగినారేటి?”

అమ్మ ఉంటే ఏమనేదో ఆలోచించాను, తట్టలేదు. ఆ పువ్వు జోలికి తను ఇంక పోదని, చూడటానికి మాత్రం అడ్డు చెప్పొద్దని అంది. నేను కత్తి నూతి గట్టు మీద పెట్టాను. అడగాలి కనుక అడిగాను, ఏం చూడాలని ఉందని.

“సిరిమాను,” అంది.

విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను. దసరా వెళ్ళిన మంగళవారం చుట్టుపక్కల జిల్లాలన్నీ అక్కడే ఉంటాయి. పొడవాటి చింతమాను కొసన ఆసనం కట్టి, అందులో పూజారి కూర్చుంటే, ఆకాశంలో ఊగుతూ గుడికీ కోటకీ మధ్య తిరుగుతాడు. జనం మొక్కుకుని అరటిపళ్ళు విసురుతారు. అన్నివైపుల నుంచీ విసురుతారు, ఏది ఎవరి ముఖం మీద పడుతుందో చెప్పలేం. అప్ప అరవై దాటిన మనిషి. విజయనగరం మాకు అరగంట రైలు ప్రయాణమే. ఆ అరటిపళ్ళ మూలంగా ఒక్కసారి కూడా ఆమెను తీసుకెళ్ళలేదు. ప్రతి ఏడూ మేం వెళ్ళొచ్చి ప్రసాదం ఆమె చేతిలో పెట్టేవాళ్ళం.

మంగళవారం తీసుకెళ్ళాను. మేడ మీంచి చూపిద్దామని తెలిసినవాళ్ళ ఇంటికి కబురు పెట్టాను, కుదరలేదు. జనంలోనే నిలబడ్డాం. నల్లద్దాలు పెట్టుకోమంటే సంచీలోంచి తియ్యలేదు. చెమట, తోపులాట, డప్పులు. అంత దూరాన మాను కొస కనబడగానే జనమంతా ఒక్కసారి ముందుకు ఒరిగారు. అరటిపళ్ళు లేచాయి. ఒకటి నా భుజానికి తగిలి చితికింది. ఇంకొకటి మా తలల మీంచి పోయింది. నేను అప్ప ముఖానికి అడ్డంగా అరచెయ్యి పెట్టి, వేళ్ళు దగ్గరగా బిగించి పట్టుకున్నాను.

ఆమె నా మణికట్టు పట్టుకుని కిందకు లాగింది.

“సెయ్యి తియ్యిరా. అగుపడ్డం లేదు.”

తీశాను.